టై అయితే ఎవరు వెళ్ళాలి?

2021 జూన్ మొదటి వారం. జపాన్‌లోని తకసకి అనే ఊళ్ళో ఒక్క ఒలింపిక్ సీటు కోసం ఇద్దరు జిమ్నాస్టులు పోటీపడ్డారు. లెక్కలన్నీ అయ్యాక చూస్తే ఇద్దరి పాయింట్లూ సమానం. అందులో ఒకరు కోహెయ్ ఉచిముర, వయసు 32. వరుసగా ఆరుసార్లు ప్రపంచ ఆల్‌రౌండ్ ఛాంపియన్, రెండుసార్లు ఒలింపిక్ ఆల్‌రౌండ్ ఛాంపియన్. రెండో అతను హిదెనొబు యొనెకుర, ఇరవైల్లో ఉన్న కుర్రాడు. ఒలింపిక్స్ ముఖం ఇంకా చూడలేదు. టై బ్రేక్‌లో ఉచిముర నెగ్గాడు, టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. జూలై 24న క్వాలిఫయింగ్‌లో హై బార్ మీంచి జారి కింద పడ్డాడు. ఫైనల్‌కే వెళ్ళలేదు.

అప్పటి నుంచి జిమ్నాస్టిక్స్ చూసేవాళ్ళు ఎక్కడ కలిసినా ఒక మాట వినిపిస్తూనే ఉంది. పెద్దాయన పేరు చూసి పంపేశారు, కుర్రాడి నోటికాడ కూడు లాగేశారు అని. దానికి జవాబుగా ఇంకో మాట కూడా వినిపిస్తుంది: అంతటి లెజెండ్‌కి ఆ మాత్రం గౌరవం ఇవ్వొద్దా అని. నా ఉద్దేశంలో ఈ రెండు వర్గాలూ ఒకేచోట పప్పులో కాలేశాయి. ఉచిముర పేరు వల్ల వెళ్ళలేదు, పేరు వల్ల వెళ్ళి ఉండాల్సిందీ కాదు. ముందే రాసి పెట్టుకున్న రూలు ప్రకారం వెళ్ళాడు. ఆ తర్వాత పడ్డాడు కాబట్టి ఆ నిర్ణయం తప్పైపోదు.

మన సాహితీ క్లబ్ పత్రికలో ఈ గొడవ ఎందుకు అంటారా? సెలెక్షన్, కటాఫ్, టై, రీవాల్యుయేషన్ ఈ నాలుగు మాటల చుట్టూ తిరిగే బతుకులు మనవి. వీటన్నిటినీ ఒకే మనిషి కెరీర్‌లో చూడాలంటే ఉచిముర కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. మన కాలేజీ సంగతి చివర్లో చెప్తాను.

ముందు మార్కుల పద్ధతి తెలియాలి, లేకపోతే తర్వాత చెప్పేది ఎక్కదు. మగవాళ్ళ ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్‌లో ఆరు విభాగాలు: ఫ్లోర్, పొమ్మెల్ హార్స్, రింగ్స్, వాల్ట్, ప్యారలల్ బార్స్, హై బార్. ఆరూ చేసి అన్నిటి మార్కులూ కలిపితే వచ్చేది ఆల్‌రౌండ్. ఒక్కో విభాగానికి రెండు స్కోర్లు ఉంటాయి. డి స్కోరు అంటే చేసిన విన్యాసాలు ఎంత కష్టమైనవో చెప్పేది. దీనికి పైన హద్దు లేదు. ఇ స్కోరు అంటే ఎంత శుభ్రంగా చేశాడన్నది. ఇది పది నుంచి మొదలై కిందికి దిగుతుంది. మోకాలు కొంచెం వంగితే 0.1, ఇంకాస్త తప్పైతే 0.3, పెద్ద తప్పుకి 0.5, పడితే ఏకంగా 1 పోతుంది. రెండూ కలిపితే ఫైనల్ మార్కు. 2006కి ముందు పదికి పది అనే పద్ధతి ఉండేది, దాన్ని తీసేసి ఇది తెచ్చారు. పేపర్ ఎంత టఫ్, రాసింది ఎంత నీట్ అని విడివిడిగా మార్కులు వేస్తే ఎలా ఉంటుందో అలా. మన యూనివర్సిటీ కూడా ఇలా వేస్తే బాగుండేదని నాకు అనిపిస్తుంటుంది, అది వేరే వ్యాసం.

ఈ పద్ధతి వచ్చాక చాలామంది కష్టమైనవి కుక్కి కుక్కి డి స్కోరు పెంచుకునే దారి పట్టారు. కాళ్ళు విడిపోయినా, నడుము వంగినా, కష్టానికి వచ్చే మార్కు ఆ కోతను పూడ్చేస్తుందిలే అన్న లెక్క అది. ఉచిముర ప్రత్యేకత ఏంటంటే అతను రెండూ వదల్లేదు. కష్టమైనవే చేశాడు, చేసినంతసేపూ కాలివేళ్ళ చివర దాకా గీత గీసినట్టు ఉండేవాడు. దిగాక నేలకి మేకు కొట్టినట్టు నిలబడేవాడు. వీడియోలు చూడండి, నేను చెప్పడం కంటే అదే నయం. హై బార్ ముందు చూడండి. ఆ బార్ లావు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. దాన్ని వదిలేసి గాల్లో రెండు పల్టీలు కొట్టి, తిరిగి దాన్నే పట్టుకోవాలి.

పుట్టింది కిటాక్యూషూలో, పెరిగింది నాగసాకి ప్రాంతంలోని ఇసహాయలో. అమ్మానాన్నలిద్దరూ జిమ్నాస్టులే, సొంతంగా ఒక క్లబ్ నడిపేవాళ్ళు. మూడేళ్ళకే మొదలుపెట్టాడు. పదిహేనేళ్ళకి ఇల్లు వదిలి టోక్యో వెళ్ళాడు. మనవాళ్ళు ఇంటర్‌కి విజయవాడో హైదరాబాదో హాస్టల్లో పడ్డట్టే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి వయసు 19. ఆల్‌రౌండ్ ఫైనల్లో పొమ్మెల్ హార్స్ మీంచి రెండుసార్లు పడి 24వ స్థానానికి జారాడు. ఫైనల్లో ఉన్నదే 24 మంది! అక్కడి నుంచి మిగతా నాలుగు విభాగాల్లో ఎక్కుతూ ఎక్కుతూ వచ్చి వెండి పతకం తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడాది నుంచి మొదలు. 2009, 2010, 2011, 2013, 2014, 2015 ప్రపంచ పోటీలు, మధ్యలో 2012 లండన్, చివర 2016 రియో ఒలింపిక్స్. ఎనిమిదేళ్ళపాటు ప్రపంచ స్థాయి ఆల్‌రౌండ్‌లో ఇతన్ని ఓడించినవాడు లేడు. 2011లో టోక్యోలో రెండో స్థానం వాడికీ ఇతనికీ తేడా 3.101. వెంట్రుకవాసి తేడాలతో తేలిపోయే ఆటలో అది గోడంత తేడా.

ఇంత పెద్ద తేడాలతో గెలిచినవాడిని జనం అనుమానించింది మాత్రం చిన్న తేడాల దగ్గరే. రెండు సందర్భాలు చెప్తాను. రెండింట్లోనూ అటువైపు నిలబడి ఉన్నది ఒకే మనిషి కావడం విచిత్రం. అతను యుక్రెయిన్ కుర్రాడు ఒలెగ్ వెర్నియయేవ్.

మొదటిది లండన్, 2012, టీమ్ ఫైనల్. జపాన్ తరఫున ఆఖరి రొటీన్ ఉచిమురది, పొమ్మెల్ హార్స్ మీద. చివర్లో దిగేటప్పుడు తడబడి ఎలాగో దిగాడు. జడ్జీలు ఆ దిగడాన్ని విన్యాసంగా లెక్కలోకి తీసుకోలేదు. మార్కు 13.466. బోర్డు మీద చైనా ఒకటి, బ్రిటన్ రెండు, యుక్రెయిన్ మూడు, జపాన్ నాలుగు. బ్రిటన్ వాళ్ళు వెండి వచ్చిందని ఎగురుతున్నారు, యుక్రెయిన్ కుర్రాళ్ళు కంచు వచ్చిందని కౌగిలించుకుంటున్నారు. ఈలోపు జపాన్ కోచ్‌లు రీవాల్యుయేషన్‌కి వేశారు. అక్కడ కూడా మనలాగే ఫీజు కట్టాలి, నెగ్గితే తిరిగిచ్చేస్తారు. (ఆ రెండో భాగం మన పరీక్షల విభాగం వాళ్ళు చదివితే బాగుండు.) జడ్జీలు వీడియో చూశారు, దిగడాన్ని లెక్కలోకి తీసుకున్నారు, మార్కు 0.7 పెరిగింది. జపాన్‌కి వెండి, బ్రిటన్‌కి కంచు, యుక్రెయిన్‌కి ఏమీ లేదు. ఆ యుక్రెయిన్ జట్టులో వెర్నియయేవ్ ఉన్నాడు.

హాల్లో జనం ఈలలు వేసి గోల చేశారు. నాకూ ఆ వీడియో చూస్తే యుక్రెయిన్ వాళ్ళ మీద జాలే కలుగుతుంది. కానీ అడగాల్సిన ప్రశ్న ఎవరు ఏడ్చారన్నది కాదు కదా. అప్పీలు చేసే హక్కు ముందే ఉందా, గడువులోపు వేశారా, ఎవరు వేసినా అలాగే చూసేవాళ్ళా? ఎనిమిదేళ్ళ ముందు ఏథెన్స్‌లో దీనికి తిరగేసిన కథ జరిగింది. కొరియా కుర్రాడు యాంగ్ తే యంగ్ ప్యారలల్ బార్స్ రొటీన్‌కి మొదలు విలువ 10.0 వేయాల్సింది, పొరపాటున 9.9 వేశారు. ఆ 0.1 వల్ల అతనికి కంచు, అమెరికా అతను పాల్ హామ్‌కి స్వర్ణం. పొరపాటు జరిగిందని అంతర్జాతీయ సమాఖ్యే ఒప్పుకుంది, జడ్జీలను సస్పెండ్ కూడా చేసింది. అయినా అప్పీలు సమయానికి వేయలేదు కాబట్టి ఫలితం మారలేదు. క్రీడా న్యాయస్థానం దాకా వెళ్ళినా మారలేదు. కఠినంగా ఉంది, ఒప్పుకుంటా. కానీ పోటీ అయిపోయి అందరూ ఇళ్ళకెళ్ళాక మార్కులు తిరగరాయడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో ఎవరు చెప్తారు?

రెండోది రియో, 2016, ఆల్‌రౌండ్ ఫైనల్. అదే రియోలో నాలుగు రోజుల తర్వాత మన దీపా కర్మాకర్ వాల్ట్‌లో నాలుగో స్థానంలో ఆగిపోయింది, కంచుకి 0.150 దూరంలో. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న ఇండియా మొత్తానికి దశాంశం తర్వాత అంకెల విలువ తెలిసొచ్చింది. ఉచిముర, వెర్నియయేవ్ మధ్య తేడా అంతకన్నా చిన్నది.

ఐదు విభాగాలయ్యాక వెర్నియయేవ్ 0.901 ముందున్నాడు. మిగిలింది హై బార్ ఒక్కటే. ఉచిముర ముందు చేశాడు. కష్టమైన రొటీన్, దిగి కదలకుండా నిలబడ్డాడు, 15.800. వెర్నియయేవ్‌కి గెలవడానికి 14.900 చాలు. అతని రొటీన్ అంత కష్టమైనది కాదు, దిగేటప్పుడు కాలు కదిలింది. 14.800 వచ్చింది. మొత్తం 92.365, 92.266. తేడా 0.099. దిగేటప్పుడు కదిలిన ఒక్క కాలికి కనీసం 0.1 పోతుంది. అంటే ఆ పాదం నిలబడి ఉంటే స్వర్ణం చేతులు మారేది. మూడో స్థానంలో ఉన్న మాక్స్ విట్లాక్ వీళ్ళకి ఒకటిన్నర పాయింట్ వెనక ఉన్నాడు, ఆ రోజు వీళ్ళిద్దరిదీ వేరే లోకం.

తర్వాత ప్రెస్ మీట్‌లో ఒక విలేఖరి ఉచిమురనే మొహం మీద అడిగాడు, జడ్జీలకి మీ మీద అభిమానం ఎక్కువ కాబట్టి మార్కులు పడతాయా అని. జవాబు చెప్పింది పక్కన కూర్చున్న వెర్నియయేవ్. మార్కులు న్యాయంగానే వేశారని, ఆ ప్రశ్న పనికిమాలినదని అనేశాడు. నాలుగేళ్ళ ముందు ఇదే మనిషి రీవాల్యుయేషన్ వల్ల కంచు పోగొట్టుకున్నవాడు, ఇప్పుడు 0.099 తేడాతో స్వర్ణం పోగొట్టుకున్నవాడు. గొడవ చేయడానికి అతనికి ఉన్నంత కారణం ఇంకెవరికీ లేదు. అతను చేయలేదు. తర్వాత ప్యారలల్ బార్స్‌లో స్వర్ణం గెలుచుకుని వెళ్ళాడు.

(రియో అంటే ఇంకోటి కూడా చెప్పాలి. పోటీలకి ముందు ఉచిముర అక్కడ పోకెమాన్ గో ఆడి ఐదు లక్షల యెన్‌ల ఫోన్ బిల్లు తెచ్చుకున్నాడు. హాస్టల్ వైఫై డేటా అయిపోయిందని ఏడ్చేవాళ్ళు ఇది చదివి ధైర్యం తెచ్చుకోవచ్చు.)

2017 నుంచి శరీరం మొరాయించడం మొదలైంది. మాంట్రియల్ ప్రపంచ పోటీల్లో వాల్ట్ దిగేటప్పుడు చీలమండ దెబ్బతిని పోటీ మధ్యలో తప్పుకున్నాడు. ఏళ్ళ తరబడి సాగిన గెలుపు వరస అక్కడ తెగింది. తర్వాత భుజాలు. 2018 దోహాలో హై బార్ వెండి వచ్చింది కానీ ఆరు విభాగాలూ మోసే ఓపిక తగ్గిపోయిందని చూసేవాళ్ళకి తెలిసిపోతూనే ఉంది.

పేరు చూసి పంపారనే వాళ్ళు ఇక్కడ ఆగి 2019 సంగతి చూడాలి. ఆ ఏప్రిల్‌లో జపాన్ జాతీయ ఆల్‌రౌండ్ పోటీల్లో ఉచిముర 37వ స్థానంలో వచ్చాడు. ఫైనల్ కూడా లేదు. ఆ ఏడాది ప్రపంచ పోటీల జట్టులో అతనికి చోటు దొరకలేదు. పదిసార్లు వరుసగా జాతీయ ఛాంపియన్ అయినవాడిని, ఏడాదిలో సొంత దేశంలో ఒలింపిక్స్ పెట్టుకుని, టికెట్లు అమ్మాల్సిన అవసరం పెట్టుకుని కూడా జపాన్ వాళ్ళు తీసుకోలేదు. పేరుకి సీటిచ్చే సంస్థే అయితే ఇవ్వాల్సిన సమయం అదే. ఇవ్వలేదు.

2020లో అతను ఐదు విభాగాలు వదిలేసి హై బార్ ఒక్కటే పట్టుకున్నాడు. ఆల్‌రౌండ్ చేయనివాడు జిమ్నాస్టే కాదన్నట్టు బతికిన మనిషికి అదెంత చేదో ఊహించుకోవచ్చు. టోక్యోలో ఒక్కో దేశానికి జట్టులో నలుగురు, విడిగా గరిష్ఠం ఇద్దరు. విడి సీట్లలో ఒకటి దేశంలో జరిగే పోటీల ద్వారా తేల్చాలి. అక్కడ ఉంది చిక్కు. హై బార్ చేసేవాడినీ వాల్ట్ చేసేవాడినీ ఎలా పోల్చాలి? ఒకడి ఫిజిక్స్ మార్కునీ ఇంకొకడి కెమిస్ట్రీ మార్కునీ పోల్చినట్టు. జపాన్ వాళ్ళు చేసింది మనకి బాగా తెలిసిన పనే: నార్మలైజేషన్. ఎవరి విభాగంలో వాళ్ళు తెచ్చుకున్న స్కోరు ప్రపంచ ర్యాంకుల్లో ఎన్నో స్థానానికి సరితూగుతుందో చూసి పాయింట్లు ఇచ్చారు. వరుసగా జరిగిన పోటీల్లో ఆ పాయింట్లు కూడారు. సమానమైతే ఏం చేయాలో కూడా ముందే రాసుకున్నారు. తకసకిలో సమానమయ్యాయి. రాసుకున్నదే చేశారు.

ఇక పడిన రోజు సంగతి. బార్ వదిలి గాల్లో తిరిగి పట్టుకునే ప్రమాదకరమైనవి అన్నీ సక్రమంగానే అయిపోయాయి. తర్వాత బార్ మీద తలకిందులుగా నిలబడి తిరిగే చోట చెయ్యి జారింది. 13.866. ఆ తర్వాత యొనెకురకి క్షమాపణ చెప్పుకోవాలని అతనే అన్నాడు. మంచి మనిషి కాబట్టి అన్నాడు. దాన్ని పట్టుకుని, చూశారా తనే ఒప్పుకున్నాడు అనడం అన్యాయం. దుఃఖంలో అన్న మాట నేరాంగీకారం కాదు.

లెక్కగా చూద్దాం, మనం ఇంజనీరింగ్ వాళ్ళం కదా. జూన్‌లో సెలెక్షన్ పోటీల్లో ఉచిముర హై బార్ స్కోరు 15 దాటింది. టోక్యో హై బార్ ఫైనల్లో కంచు వచ్చినవాడి స్కోరు 14.533. అంటే జూన్ నాటికి చేతిలో ఉన్న సమాచారం ప్రకారం ఇతను పతకానికి గట్టి అభ్యర్థి. నిర్ణయం తీసుకునేవాడి ముందు ఉండేది ఆ రోజు సమాచారమే, ఏడు వారాల తర్వాత జారబోయే చెయ్యి కాదు. లోడు లెక్కలన్నీ కరెక్టుగా వేసి, సేఫ్టీ ఫ్యాక్టర్ పెట్టి కట్టిన బ్రిడ్జి వందేళ్ళకొకసారి వచ్చే వరదలో పోయిందనుకోండి, డిజైన్ చేసినవాడిని తిడతామా? అలాగే లెక్క వేయకుండా కట్టిన గోడ ఇంకా నిలబడే ఉంది కాబట్టి మేస్త్రీ గొప్పవాడంటామా?

అయితే ఈ వాదన ఇక్కడితో ఆపేస్తే యొనెకుర కనబడకుండా పోతాడు, అది నాకు ఇష్టం లేదు. అతను సామాన్యుడు కాదు. వాల్ట్‌లో ఒక విన్యాసానికి అంతర్జాతీయ నియమావళిలో అతని పేరే ఉంది. తకసకిలో ఓడాక ఇంటికెళ్ళి కూర్చోలేదు. వరల్డ్ కప్ పోటీల వరస ద్వారా ఇంకో దారి మిగిలి ఉంది. అదే జూన్ చివర్లో దోహా వెళ్ళి వాల్ట్ గెలిచాడు. గెలిచి, ఆ వరసలో మొదటి స్థానంలో ఉన్న కొరియా కుర్రాడు షిన్ జే హ్వాన్‌తో పాయింట్లలో సమానమయ్యాడు. మళ్ళీ టై. మళ్ళీ టై బ్రేక్. మళ్ళీ ఓడాడు. ఒకే నెలలో రెండు టైలు, రెండూ అటువైపే తేలాయి.

ఆ షిన్ జే హ్వాన్ టోక్యో వెళ్ళి ఏం చేశాడో తెలుసా? వాల్ట్ స్వర్ణం గెలిచాడు. ఎలా? రష్యా జిమ్నాస్ట్ డెనిస్ అబ్లియాజిన్‌తో 14.783 దగ్గర సమానమై, టై బ్రేక్‌లో! సినిమాలో పెడితే మరీ ఓవర్‌గా ఉందని తీసేస్తారు.

దీన్ని బట్టి కొందరంటారు, యొనెకుర వెళ్ళి ఉంటే పతకం వచ్చేదేమో కదా అని. వచ్చేదేమో. పడేవాడేమో. ఆ ప్రశ్నకి జవాబు లేదు, అందుకే దాని మీద తీర్పు కట్టకూడదు. ఇంకొందరంటారు, టై అయినప్పుడు కుర్రాడికివ్వాలి, పెద్దవాడు ఇప్పటికే అన్నీ తిన్నాడు కదా అని. ఇది వినడానికి బాగుంటుంది, నాకూ మనసులో అటే మొగ్గు. మంచి రూలే కావచ్చు కూడా. కానీ అది కావాలంటే పోటీలకి ముందు రాసి ఉండాలి. టై అయ్యాక, ఇద్దరి మొహాలూ చూశాక, వీడు చిన్నవాడు వాడు పెద్దవాడు అని ఆలోచించడం మొదలుపెడితే అది రూలు కాదు, దయ. దయ ఈసారి కుర్రాడి మీద పుట్టొచ్చు, వచ్చేసారి పెద్దాయన మీద పుట్టొచ్చు, ఆ పైసారి ఎవరి మేనల్లుడి మీదో పుట్టొచ్చు.

రూలు ఉన్నా నష్టపోయేవాడు నష్టపోతాడు. యొనెకుర నష్టం నిజమైనది, ఉచిముర పడకుండా పతకం తెచ్చినా ఆ నష్టం అంతే ఉండేది. మనం దాన్ని ఉచిముర పడ్డాక మాత్రమే గుర్తు చేసుకోవడం నాకు నచ్చనిది. అతను గెలిచి ఉంటే యొనెకుర పేరు మనలో ఎంతమందికి తెలిసేది?

ఇప్పుడు మన కాలేజీ. పోయినేడాది ఇంటర్ కాలేజ్ మీట్‌కి టేబుల్ టెన్నిస్ జట్టులో ఆఖరి చోటుకి ఇద్దరు సమానంగా నిలిచారు. ఒకరు ఫైనల్ ఇయర్ అన్న, ఒకడు నా రూమ్మేట్, సెకండ్ ఇయర్. ఇద్దరూ చెరి మూడు మ్యాచ్‌లు గెలిచారు, ఒకరి మీద ఒకరు చెరొకటి గెలిచారు. గెలిచిన గేమ్‌లు లెక్కపెట్టొచ్చు, ఇంకో మ్యాచ్ పెట్టొచ్చు. అవేమీ చేయలేదు. అన్నకిది లాస్ట్ ఛాన్స్ రా, నీకింకా రెండేళ్ళున్నాయి అన్నారు, అయిపోయింది. వాడు ఆ రాత్రి మెస్‌కి రాలేదు, పెరుగన్నం పార్సిల్ తెస్తే తిన్నాడు. అన్న వెళ్ళి రెండు మ్యాచ్‌లు గెలుచుకొచ్చాడు, చక్కగా ఆడాడు కూడా, ఆయన మీద నాకు ఏ కోపం లేదు. తర్వాత వాడి దగ్గర ఎవరు ఈ మాటెత్తినా ఒకటే సమాధానం: చూశావుగా, గెలిచాడుగా, సెలెక్షన్ కరెక్టే.

కాదు. ఉచిముర పడినందుకు అతని సెలెక్షన్ ఎలా తప్పు కాలేదో, అన్న గెలిచినందుకు ఆ సెలెక్షన్ అలా ఒప్పు కాలేదు. తకసకిలో రూలు ఉంది, ఫలితం చెడింది. మన దగ్గర ఫలితం బాగుంది, రూలే లేదు. రెండింట్లో నేను ఏ ఊళ్ళో ఆడాలనుకుంటానో అడిగితే తకసకి అంటాను, టై బ్రేక్‌లో ఓడేవాడిని నేనే అయినా సరే. కనీసం ఎందుకు ఓడానో కాగితం మీద ఉంటుంది.

ఉచిముర కథలో ఇంకా కొంచెం ఉంది. టోక్యోలో పడ్డ మూడు నెలలకి ప్రపంచ పోటీలు అతను పుట్టిన ఊరు కిటాక్యూషూలోనే జరిగాయి. హై బార్ ఫైనల్లో ఆరో స్థానం. పతకం లేదు గానీ దిగినప్పుడు మాత్రం పాత ఉచిమురే, అడుగు కదల్లేదు. 2022 జనవరిలో రిటైర్మెంట్ చెప్పాడు, మార్చిలో టోక్యోలో వీడ్కోలు ప్రదర్శన పెట్టుకుని, అరిగిపోయిన ఆ భుజాలతోనే ఆరు విభాగాలూ చేశాడు.

వచ్చే నెల ఇంటర్ కాలేజ్ మీట్ సెలెక్షన్లు మళ్ళీ మొదలవుతున్నాయి. టేబుల్ టెన్నిస్, చెస్, బ్యాడ్మింటన్, క్విజ్, అన్నిటికీ. టై అయితే ఏం చేస్తారో ఒక్క పేజీలో రాసి సెలెక్షన్లకి వారం ముందు నోటీసు బోర్డు మీద, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టమని స్పోర్ట్స్ కమిటీని అడుగుతున్నాను. జూనియర్‌కే ఇవ్వాలని రాసినా నాకు అభ్యంతరం లేదు, సీనియర్‌కే అని రాసినా లేదు, ముందే రాస్తే చాలు. నా రూమ్మేట్, నేను కలిసి ఒక డ్రాఫ్ట్ రాశాం, క్లబ్ రూమ్‌లో సాహితీ క్లబ్ రిజిస్టర్ పక్కనే ఉంది. క్విజ్‌కి టై బ్రేక్ ఎలా పెట్టాలో మాకు సరిగ్గా తేలలేదు, క్విజ్ వాళ్ళెవరైనా వచ్చి ఆ పేరా రాసిపెడితే సంతోషం.